తువ్వాలు కింద బేరం: ఒక పవర్ బ్యాంకు ఆత్మకథ

ఆత్మకథలు ఉత్తమపురుషలో సాగడం ఆనవాయితీయే అయినా, ఒకచోట నింపుకొన్న కరెంటును మరొకచోట అప్పగించడమే బతుకైన వస్తువుకు సొంతమని చెప్పుకొనేది తక్కువ కాబట్టి, హాలహర్విలోని ఈ పవర్ బ్యాంకు తన కథను ప్రథమపురుషలోనే చెప్పుకొంటుంది. బళ్లారి అంగడి నుంచి వచ్చిన ఈ నల్లని డబ్బా పొట్టలో లిథియం అయాన్ సెల్సు, అంటే విద్యుదావేశం గల లిథియం కణాలు రెండు పలకల మధ్య అటూ ఇటూ తిరగడం ద్వారా శక్తిని నిలవ చేసి విడుదల చేసే చిన్న బ్యాటరీలు, పక్కపక్కనే కూర్చి ఉంటాయి. ఈ వంశపు సెల్‌ను సోనీ సంస్థ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. దానికి దారితీసిన పరిశోధనకు జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. పూర్వీకుల ఘనత ఇంతటితో చాలు.

డబ్బా మీద 20,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో అచ్చయి ఉంది. ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ గంట, అనగా ఎంత ప్రవాహాన్ని ఎంతసేపు ఇవ్వగలదో తెలిపే కొలత. కాని ఆ ప్రవాహం ఎన్ని వోల్టుల దగ్గర వస్తుందో చెప్పనంతవరకు ఆ అంకె సగం మాటే. లోపలి సెల్ వోల్టేజీ అయిన 3.7తో దాన్ని గుణిస్తే వచ్చే 74 వాట్ గంటలే అసలు నిలవ. ల్యాప్‌టాప్‌కు కావలసిన 20 వోల్టుల దగ్గర అదే నిలవ 3,700 ఎంఏహెచ్‌కు మించదు, అందులోనూ వోల్టేజీని పెంచే సర్క్యూట్ తన వంతుగా కొంత వేడి రూపంలో మింగుతుంది. ఆదోని యార్డులో పత్తి తూకం వేయించిన రైతుకు ఇందులో వింతేమీ లేదు, ఎందుకంటే జిన్నింగు మిల్లులో గింజ వేరయ్యాక దూదిగా తేలేది సుమారు మూడో వంతే. అంకె ఎంత తగ్గినా అసలు నిలవలో పోయేది కొంతే కాబట్టి, ఆ లెక్కన డబ్బా చాలా నయం. విమానంలో ముందస్తు అనుమతి లేకుండా వెంట తీసుకుపోగల పరిమితిని కూడా 100 వాట్ గంటలు అనే చెబుతారు తప్ప ఎంఏహెచ్‌లో చెప్పరు.

ఈ డబ్బా జీవితంలో నిజంగా చెప్పుకోదగిన ఘట్టం ల్యాప్‌టాప్‌తో తొలి పరిచయం. బెంగళూరు కంపెనీ పనిని ఇంటి నుంచే చేసుకొనే, డబ్బా ఉంటున్న ఇంటి పెద్దమ్మాయి, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం తీగను వెడల్పాటి పాత యూఎస్‌బీ రంధ్రంలో పెట్టగా, అక్కడ 5 వోల్టులే అందడంతో ల్యాప్‌టాప్ ఉలకలేదు, పలకలేదు. తీగ మార్చి, 2014లో ప్రమాణంగా వెలువడిన, అంచులు గుండ్రంగా ఉండే సి రకం రంధ్రంలో పెట్టినప్పుడు గాని బేరం మొదలుకాలేదు. బేరం అన్నది ఇక్కడ అలంకారం కాదు. ఎమ్మిగనూరు జాతర సంతలో పాతకాలపు దళారులు తువ్వాలు కింద చేయి కలిపి, వేళ్లు నొక్కి ఎద్దుల ధర తేల్చుకొన్నట్టుగా, ఈ తీగలో కరెంటుకు సంబంధం లేని ఒక సన్నని దారి మీద రెండు యంత్రాలూ మాట్లాడుకొంటాయి. ఈ సంభాషణ నియమావళికి పవర్ డెలివరీ అని పేరు. డబ్బా మొదట తన దగ్గర ఉన్న 5, 9, 15, 20 వోల్టుల జాబితాను, ఒక్కొక్క దాని దగ్గర ఇవ్వగల ఆంపియర్లతో సహా పంపుతుంది. ల్యాప్‌టాప్ వాటిలో ఒకదాన్ని కోరుతుంది. ఒప్పుకొన్నాకే డబ్బా వోల్టేజీని పెంచి, సిద్ధమని కబురు చేస్తుంది. మధ్యలో ఉన్న తీగ కూడా ఊరికే ఉండదు: తన బలం తెలిపే చిప్ లేని తీగ మీద 3 ఆంపియర్లకు మించి పంపరాదు కాబట్టి, 65 వాట్లు ఇవ్వగల డబ్బా కూడా అలాంటి తీగతో 60 వాట్ల దగ్గరే ఆగుతుంది. ఆ మధ్యాహ్నం తెర మూలన బ్యాటరీ బొమ్మలో చిన్న మెరుపు గుర్తు కనిపించడానికి పట్టిన రెప్పపాటులో ఇంత వ్యవహారం నడిచింది.

తరువాతి కాలం పనిలోనే గడిచింది. ల్యాప్‌టాప్ గంటకు 20 వాట్ గంటలు వాడుతుంటే, నష్టాలు పోను సుమారు మూడు గంటలు నెట్టుకురావడం ఈ డబ్బాకు అలవాటైంది. పత్తి ఏరడం అయిపోయాక పక్కింటివాళ్లు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతల వంటి పనుల వలసకు, బయలుదేరే ముందురాత్రి, వాళ్ల ఫోన్లు వరుసగా దీని దగ్గరికే వచ్చేవి. వాటితో మాత్రం ఏ బేరమూ లేదు, 5 వోల్టులకే సరిపుచ్చుకొనేవి.

దీన్ని దెబ్బతీసింది వాడకం కంటే ఎండ. ఈ రకం సెల్సును 45 డిగ్రీల వేడికి మించి ఛార్జి చేయడం హానికరం కాగా, నల్లరేగడి నేల బీటలిచ్చే మే నెలలో కిటికీ గట్టు మీద పెట్టి నింపితే ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. మట్టిమిద్దె కింద గూట్లో ఉంచిన ఏడాది మాత్రం డబ్బా చల్లగా బతికింది. సెల్ లోపల రసాయనాలు విచ్ఛిన్నమై వాయువు పుట్టడం వల్ల ఇప్పుడు దాని వీపు ఉబ్బి, బల్ల మీద పెడితే ఊగుతున్నది. ఉబ్బిన సెల్‌ను మళ్లీ నింపడం గాని, చెత్తలో పారేయడం గాని నిప్పుతో చెలగాటమే. భారత ప్రభుత్వపు 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి కనుక, బళ్లారికి పోయినప్పుడు అప్పగించాలన్న ఉద్దేశంతో పెద్దమ్మాయి దాన్ని ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, వాకిట్లో వేపచెట్టు నీడన ఉంచింది. తీగ మాత్రం గూట్లో మేకుకే వేలాడుతున్నది, ఎందుకంటే కొత్త డబ్బాకూ అదే సరిపోతుందట.