బులెటిన్ మామ

మా ఊరికి సముద్రం మూడు మైళ్ళు. అల్లూరు దాటి ఇసకపల్లి దారి పట్టారంటే రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు, గుంటల్లో తిరిగే ఏరియేటర్లు, గట్ల మీద జనరేటర్ షెడ్లు. ఇక్కడ పుట్టినవాడికి ఉగ్గుపాలతో పాటే బులెటిన్ వినడం అలవాటవుతుంది. అల్పపీడనం ఎక్కడుంది, వాయుగుండం అయిందా, కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ఎగరేశారు... ఇవి తెలిస్తేగానీ మాకు కాఫీ గొంతు దిగదు.

మామకి ఆ బులెటిన్‌తో పనిలేదు. ఆయన ఎదురుచూసేది బంగాళాఖాతంలో పుట్టేది కాదు. అమెరికా విదేశాంగ శాఖలో పుట్టి నెలకోసారి తీరం దాటేది. దాని పేరు వీసా బులెటిన్. ఆయన అసలు పేరు ఓటర్ల జాబితాలో భద్రంగా ఉంది. మాకు మాత్రం బులెటిన్ మామ.

ఇలాంటి మామ మా ఊళ్ళో మాత్రమే ఉన్నాడనుకునేరు. కొడుకో కూతురో హెచ్-1బీ మీద పోయిన ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. కావలి స్టేషన్ బెంచీ మీద, కోవూరులో టీ కొట్టు దగ్గర, నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆడవాళ్ళు చీరలు చూస్తుంటే షాపు మెట్ల మీద. చుట్టూ జనం వాన గురించి మాట్లాడుకుంటుంటే, ఫోను చూసి ‘ఈ నెల కూడా కదల్లా’ అని నిట్టూర్చే పెద్దాయన కనబడితే ఆయన ఆ బాపతే.

మామకి అరవై ఆరేళ్ళు. పదెకరాల గుంటలు, రెండు ఫోన్లు. ఒక ఫోను మేతకీ రొయ్యల రేటుకీ, రెండోది అమెరికాకీ. వరండాలో రెండు గోడ గడియారాలు. ఒకదాని కింద స్కెచ్ పెన్నుతో ‘మనది’ అనీ, రెండోదాని కింద ‘మావాడిది’ అనీ రాసి ఉంటుంది. మావాడు, అంటే మామ కొడుకు, డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఏటా మార్చిలో గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబరులో వెనక్కి. ఆ రెండు రోజులూ మామ తెల్లారే స్టూలెక్కుతాడు. అత్త స్టూలు పట్టుకుంటుంది. ‘మనదాన్ని కూడా ఒకసారి తుడవండి, బూజు పట్టింది’ అంటుంది.

చదువు పదో తరగతి దాకా. ఆధార్ నంబరు అడిగితే జేబులు తడుముకుంటాడు. ఐ-నూటనలభై, ఐ-నాలుగెనభయ్యైదు ఫారాలు మాత్రం సొంత పొలం సర్వే నంబర్లు చెప్పినట్టు చెప్తాడు. నాకు ఈ విద్య అంతా నేర్పింది ఆయనే. గట్టు మీద నడుస్తూ, చెక్ ట్రే ఎత్తి రొయ్యల్ని చూస్తూ చెప్పాడు.

‘అబ్బయ్యా, స్టూడెంటు వీసా అంటే పొలం చూసి రమ్మనడం. చదువయ్యాక ఇచ్చే ఓపీటీ అంటే కూలికి పోవడం. పన్నెండు నెలలు. సైన్సు, ఇంజినీరింగు వాళ్ళకి ఇంకో ఇరవై నాలుగు. హెచ్-1బీ అంటే కౌలు. మూడేళ్ళు, ఇంకో మూడేళ్ళు. ఉద్యోగం పోయిందంటే మామూలుగా అరవై రోజుల్లో ఇంకో ఆసామిని చూసుకోవాల. ఐ-నూటనలభై అంటే పాసుబుక్కు పని మొదలైనట్టు. గ్రీన్ కార్డు అంటే పట్టా.’

‘మరి మనవాడిది?’

‘కౌలు. పట్టా కోసం లైన్లో ఉండాడు. ఇంట్లో పట్టా ఉండేది వాళ్ళ మూడేళ్ళ పిల్లకి ఒక్కదానికే. అది ఆడనే పుట్టింది గదా. నాయన కౌలుదారు, కూతురు పట్టాదారు. యాడన్నా విన్నావా సామీ!’

ఆ లైను సంగతి చెప్పేటప్పుడే మామ గొంతు మారుతుంది. ఉద్యోగాల కోటా కింద ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ మామూలుగా ఏడు శాతం దాటకూడదని లెక్క. ‘మన నెల్లూరు జిల్లాలో ఉండే జనంలో పదోవంతు లేని దేశానికీ, మన దేశమంతటికీ ఒకే కుంచం!’ అంటాడు. మావాడు లైన్లో నిలబడిన తేదీ 2019. 2025 చివరికి కూడా వాడుండే ఈబీ-2 కేటగిరీ లైన్లో ఇండియా వాళ్ళ వంతు 2013 దగ్గరే ఉంది. ఒక నెల కొన్ని వారాలు ముందుకి జరుగుతుంది, రెండు నెలలు నిలబడిపోతుంది, ఒక్కోసారి వెనక్కే పోతుంది. సముద్రం ఒడ్డున పుట్టినవాడు కాబట్టి ఆటుపోట్లని సరిపెట్టుకుంటాడు.

మన వంతు వచ్చేస్తే, అంటే ఇక ఆగాల్సిన పని లేకపోతే, ఆ భాషలో ‘కరెంట్’ అంటారు. ఈ ఒక్క మాట మా ఊరిని నానా తిప్పలూ పెట్టింది. రొయ్యల ఊళ్ళో కరెంటు అంటే ప్రాణం. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఒక రాత్రి రెండు గంటలకి మామ వరండాలోంచి ‘కరెంటు ఎప్పటికొస్తుందో ఏమో!’ అని గట్టిగా నిట్టూర్చాడు. పక్క గుంటల కాపలావాళ్ళు లేచి నాలుగు జనరేటర్లు స్టార్ట్ చేశారు. కరెంటు నిక్షేపంలా ఉంది. మామ చూస్తున్నది డల్లాస్ కరెంటు.

పాత రోజులు తలచుకోవడం పెద్దవాళ్ళ హక్కు. మామ తలచుకునే పాత రోజులు కూడా అమెరికావే. హెచ్-1బీ 1990 నాటి చట్టంతో పుట్టింది. ఏడాదికి 65,000. అమెరికాలో పీజీ చేసినవాళ్ళకి తర్వాత ఇంకో 20,000 కలిపారు. మధ్యలో 2001 నుంచి మూడేళ్ళు ఆ పరిమితి 1,95,000 దాకా పోయింది. ‘అది టైగర్ రొయ్య కాలం అబ్బయ్యా. సీడు వదిలినోడల్లా దొర. 2004లో మళ్ళా 65,000కి దించేశారు. వైట్ స్పాట్ తగిలిన గుంట మాదిరి.’ టైగర్ రొయ్యకి వైట్ స్పాట్ తెగులు తగిలి మామ నిండా మునిగింది తొంభైల్లో. ఆ నష్టం చెప్పేటప్పుడు నవ్వుతాడు. ఈ నష్టానికి మాత్రం నవ్వడు.

రేవులో ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. మామ కూడా అవే వాడతాడు. హెచ్-1బీ లాటరీ ఫీజు పది డాలర్ల నుంచి 215 డాలర్లకి పెంచినప్పుడు ఒకటో నంబరు. 2025 సెప్టెంబరులో చాలామందికి ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో వీసా స్టాంపింగ్ అయిపోయే సౌకర్యం తీసేసినప్పుడు మూడో నంబరు. పదకొండో నంబరు అంటే అసలు సమాచార సంబంధాలే తెగిపోవడం. మావాడు రెండు రోజులు ఫోను ఎత్తకపోతే మామ పదకొండు ఎగరేస్తాడు.

పదో నంబరు ఒక్కసారే ఎగిరింది. 2025 సెప్టెంబరు 20, శనివారం తెల్లవారుజామున. కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు కట్టాలని అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టాడు. అప్పటి రేటుకి దాదాపు 88 లక్షలు. అమల్లోకి వచ్చేది 21 అర్ధరాత్రి దాటి ఒక నిమిషానికి. మామ రెండు గడియారాలూ చూసి, మన లెక్కలో ఆదివారం పొద్దున తొమ్మిదీ ముప్పై ఒకటి అని తేల్చాడు. పాతవాళ్ళు తిరిగి రావాలన్నా కట్టాలా అన్నది ఆ పూట ఎవరికీ తెలీదు.

ఆదివారం పొద్దున పదికి పక్క వీధిలో నిశ్చితార్థం. చెల్లెలి కోసం సెలవు పెట్టి వచ్చిన కుర్రాడు మంచి నిద్రలో ఉన్నాడు. మామ తలుపు బాదాడు. ‘లెయ్యబ్బయ్యా, తీరం దాటుతుండాది!’ అరగంటలో ఆ కుర్రాడు చెన్నై దారిలో ఉన్నాడు. టిక్కెట్టుకి మామూలు కంటే రెట్టింపు పెట్టాడు. వాడు దోహాలో దిగి ఫోను ఆన్ చేసేసరికి వాషింగ్టన్ నుంచి వివరణ వచ్చేసింది. ఇది కొత్త దరఖాస్తులకే, ఉన్నవాళ్ళు నిశ్చింతగా రావచ్చు పోవచ్చు అని. చెల్లెలి తాంబూలాలు వాడు విమానాశ్రయం కుర్చీలో కూచుని ఫోనులో చూశాడు.

ఆ ఇంటివాళ్ళు మామ వైపు చూసిన చూపుకి ఇంకొకరైతే ఊరొదిలి పోయేవాళ్ళు. మామ మాత్రం తొణకలేదు. ‘తుపాను ఒంగోలు వైపు మళ్ళితే హెచ్చరిక తప్పైపోద్దా?’ అన్నాడు.

అసలు ఆ ఏడాది మామకి రెండు వైపులా వాతే. ఆయన రొయ్యలు పోయేదీ అమెరికాకే. ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. సెప్టెంబరులో కొడుకుల వంతు. ‘రొయ్యే నయం అబ్బయ్యా. తల తీసి ఐసులో పెడితే ఇంటర్వ్యూ లేకుండా దిగుద్ది’ అన్నాడు. ఆగస్టులో కోపం పట్టలేక ఫేస్‌బుక్‌లో సుంకం మీద నాలుగు ఘాటు మాటలు రాసి, కొడుకుని ట్యాగ్ చేశాడు. డిసెంబరులో హెచ్-1బీకీ, వాళ్ళ ఇంటివాళ్ళకిచ్చే హెచ్-4 వీసాలకీ వచ్చేవాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తారని, అవి పబ్లిక్‌గా పెట్టుకోవాలని రూలొచ్చింది. ఆ రాత్రి మామ నన్ను పిలిపించాడు. ఇద్దరం కూచుని ఆ పోస్టు తీశాం, కింద పడిన లైకులు ఎవరివో చూశాం. నా లైకు కూడా ఉంది. మామ నన్ను దొంగని చూసినట్టు చూశాడు.

లాటరీ కూడా మారింది. ఇకమీదట జీతాన్ని బట్టి నాలుగు లెవెళ్ళు. పై లెవెల్ వాడి పేరు డ్రాలో నాలుగుసార్లు, కింది లెవెల్ వాడిది ఒక్కసారి. ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. మామ ఒక్క ముక్కలో తేల్చాడు. ‘కౌంటు చూసి ఏరుతుండారు. నాలుగో లెవెల్ అంటే ముప్పై కౌంటు. మన పిల్లకాయలు కొత్తగా చేరేది వంద కౌంటులో.’ కిలోకి ముప్పై తూగే రొయ్య రేటూ, వంద తూగేదాని రేటూ తెలిసిన ఊరు. ఇక ఎవరూ మారు మాట అడగలేదు.

ఇంత తెలిసిన మామ అమెరికా చూడలేదు. విజిటర్ వీసాకి పెట్టుకోమని కొడుకు ఎన్నోసార్లు అన్నాడు. హైదరాబాదు కాన్సులేట్ కిటికీ ముందు తాను ఏదన్నా తప్పు మాట్లాడితే అది కొడుకు ఫైలుకి తగులుతుందని ఈయన భయం. కొడుకేమో 2020 ఫిబ్రవరిలో పెళ్ళికి వచ్చి వెళ్ళాక మళ్ళీ రాలేదు. వస్తే స్టాంపింగ్, స్టాంపింగ్ అంటే స్లాటు, స్లాటు అంటే మామ ఎగరేసే ఏదో ఒక నంబరు.

పోయిన ఏడు మాత్రం ఖాయమైంది. డిసెంబరు చివర హైదరాబాదులో స్లాటు దొరికింది, సంక్రాంతికి ఇంట్లో ఉంటానన్నాడు. అత్త అటక మీది జాడీ దింపింది. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్క పడాల్సిందే. సంక్రాంతికి కాయ దొరకదని ఎండాకాలంలోనే ఒరుగులు ఎండబెట్టి ఉంచుతుంది. ఆరేళ్ళుగా ఏటా ఎండబెడుతుంది, ఏటా మేమే తింటాం.

ఈలోపు ఖాతాల పరిశీలన పేరుతో ఆ నెల అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి నెట్టారు. ముందే వచ్చేసినవాళ్ళు ఇక్కడ ఇరుక్కుపోయారు. మావాడి టిక్కెట్టు ఇంకా చేతిలోనే ఉంది. ‘ఏం చెయ్యమంటావు నాన్నా’ అని అడిగాడు. మామ రెండు గడియారాలూ చూశాడు. ‘రావొద్దు’ అన్నాడు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి కరెంటు లేదు. గుంటల మీద జనరేటర్ చప్పుడు. అత్త ఒరుగుల్ని మళ్ళీ జాడీలోకి ఎత్తుతోంది. మామ రొట్టెల పండగ సంగతి ఎత్తాడు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో, బారా షహీద్ దర్గా దగ్గర, కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, విదేశీ రొట్టె. మామ 2016లో విదేశీ రొట్టె తీసుకున్నాడు. మరుసటేడు లాటరీలో కొడుకు పేరొచ్చింది, ఆ రొట్టె తిరిగి ఇచ్చాడు. గ్రీన్ కార్డు రొట్టె తీసుకుని ఆరేళ్ళయింది. ఆ బాకీ అట్టే ఉంది.

‘ఈసారి కూడా గ్రీన్ కార్డు రొట్టే అడుగుదాం’ అన్నాడు మామ.

‘మీది మీరు అడగండి. నేను వేరే అడుగుతా’ అంది అత్త, జాడీకి గుడ్డ కడుతూ. ‘బిడ్డ ఇంటికొచ్చే రొట్టె.’

మామ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ‘అది ఏ కేటగిరీలో వస్తది?’

‘అమ్మ కేటగిరీ.’

‘డేటు యాడుంది?’

‘ఎప్పుడూ కరెంటే. ముందు మీరు లేచి ఆ జనరేటర్ ఆపించండి. మన కరెంటొచ్చి అరగంటయింది, డీజిలు కాలిపోతుండాది.’