ఎవరి కోసం ఎవరు ఆగాలి

మా రోజుల్లో ఒక ప్రోగ్రాం లోపలి నుంచి ఇంకో ప్రోగ్రాం తెరవడమంటే చిన్న పని కాదు. ఇప్పటి పిల్లలు ఒక లైను రాస్తారు, బటన్ పెడతారు, నొక్కుతారు. తెరుచుకుంటే సరే, తెరుచుకోకపోతే మళ్ళీ నొక్కుతారు. నాకు ఒళ్ళు మండేది ఆ రెండో నొక్కుడు దగ్గరే. పిలిచిన ప్రోగ్రాం ఏమైంది, పిలిపించుకున్నది ఏమైంది, రెండింట్లో ఏది దేని కోసం ఆగి ఉంది అని ఒక్కరూ అడగరు.

నంద్యాలలో మేం కంప్యూటర్ నేర్చుకునేనాటికి ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాం. జిల్లా కేంద్రం అయింది మొన్న 2022లో కదా. మెషిన్ మీద డాస్. ప్రోగ్రాములకు దొరికేది 640 కేబీ, అందులోనూ డాస్ వాటా తీసేయాలి. ఒకసారికి ఒక ప్రోగ్రామే నడిచేది. అయినా కొన్నవాళ్ళకు మెనూ కావాలి: ఒకటి నొక్కితే వర్డ్‌స్టార్, రెండు నొక్కితే లోటస్, మూడు నొక్కితే ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన లెక్కలు. వడ్ల వ్యాపారి గుమాస్తాకు డాస్ ప్రాంప్ట్ చూపించి నీ తిప్పలు నువ్వు పడు అనలేం. అందుకని బ్యాచ్ ఫైళ్ళతో మెనూ కట్టేవాళ్ళం. ఒక బ్యాచ్ ఫైల్లోంచి ఇంకో బ్యాచ్ ఫైల్‌ను ఊరికే పేరు పెట్టి పిలిస్తే పని అటే వెళ్ళిపోతుంది, వెనక్కి రాదు. ముందు కాల్ అని రాయాలి. ఆ కాల్ కూడా 1987లో డాస్ 3.3తో వచ్చిందే. అంతకుముందు కమాండ్ ప్రాసెసర్‌ను ఇంకోసారి ఎక్కించి దానిచేత చేయించుకోవలసి వచ్చేది.

టర్బో పాస్కల్ ఇంకా గట్టి గురువు. అందులో ఎగ్జెక్ అని ఉండేది, బయటి ప్రోగ్రాంను నడిపించడానికి. కానీ మన ప్రోగ్రాం మొదలవుతూనే మిగిలిన మెమరీ మొత్తం హీప్ కింద పట్టేసుకునేది. ఇక వచ్చేదానికి చోటేదీ? డాస్‌ఎర్రర్‌లో 8 కనపడేది, మెమరీ చాలలేదని. ఇంటికి చుట్టం వస్తాడంటే ముందే మంచం ఖాళీ చేసి ఉంచినట్టు, ఫైలు మొదట్లోనే డాలర్ ఎం అని రాసి నాకు ఇంత చాలు అని తగ్గించుకోవాలి. పిలిచే ముందొకసారి, తిరిగొచ్చాక ఒకసారి స్వాప్‌వెక్టర్స్ పెట్టాలి. అది మరిచిపోతే మెషిన్ ఎప్పుడు బిగుసుకుపోతుందో చెప్పలేం.

టర్బో సీలో స్పాన్ ఫంక్షన్లకు మూడు పద్ధతులుండేవి. పీ-వెయిట్ అంటే వచ్చినది పని ముగించేదాకా పిలిచినది ఆగుతుంది. పీ-ఓవర్‌లే అంటే పిలిచినది తన చోటు దానికి వదిలేసి తాను పోతుంది. పీ-నోవెయిట్ అంటే రెండూ కలిసి నడుస్తాయి. ఈ మూడోది వాడితే ఎర్రర్ విలువే వస్తుందని హెల్ప్‌లో పక్కనే రాసిపెట్టారు, ఎందుకంటే డాస్‌కు ఆ శక్తి లేదు. యూనిక్స్‌కు అప్పటికే ఉంది. అక్కడ ఫోర్క్ కొత్త ప్రాసెస్‌ను పుట్టిస్తుంది, ఎగ్జెక్ అందులోకి వేరే ప్రోగ్రాంను ఎక్కిస్తుంది, ఆగాలా వద్దా అన్నది మన ఇష్టం. మా డాస్ మెషిన్ మీద కుదరకపోయినా ఆ మూడో మాట ఉందని మాకు తెలుసు. ఇప్పుడు పాతిక వేల ల్యాప్‌టాప్ కూడా ఆ మూడో పని సునాయాసంగా చేస్తుంది. అది చేయగలదన్న సంగతి తెలియనిదల్లా బటన్ పెట్టేవాడికే.

ఈమధ్య ఆళ్ళగడ్డలో ఒక శిల్పశాలకు వెళ్ళాను. ఆళ్ళగడ్డ రాతి పనికి భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి మనవాళ్ళకు తెలిసిందే. అక్కడ శిలాఫలకాల అక్షరాలన్నీ కంప్యూటర్‌లో కూర్చే పిల్లాడు నా స్నేహితుడి కొడుకు. పైథాన్‌లో టికింటర్ పెట్టి సొంతంగా చిన్న కిటికీ చేసుకున్నాడు. ఒక బటన్ కోరెల్‌డ్రా తెరుస్తుంది, ఒకటి ఫొటోలు చిన్నవి చేస్తుంది, ఒకటి స్టిక్కర్ కోసే ప్లాటర్ ప్రోగ్రాంను పిలుస్తుంది. మంచి ఆలోచన.

"బటన్ నొక్కితే నా కిటికీ తెల్లగైపోతాంది పెదనాయనా. కోరెల్ మూసేదాకా కదల్దు."

"ఏం రాసినావురా?"

సబ్‌ప్రాసెస్ డాట్ రన్ అని రాశాడు. అది పిలిచినది ముగిసేదాకా కదలదు. టికింటర్ కిటికీ బతికుండేది మెయిన్‌లూప్ తిరుగుతున్నంత సేపే. ఆ లూప్ ఆగితే గీయడం లేదు, వినడం లేదు. అయిదు సెకన్లు పలకకపోతే విండోస్ దాని మీద నాట్ రెస్పాండింగ్ అని రాసేస్తుంది. ఆ లోపల కంగారుగా నొక్కిన నొక్కుళ్ళు వరసలో ఉండిపోతాయి. కోరెల్ మూయగానే అవన్నీ విప్పుకుంటాయి, మూసిన కోరెల్ మళ్ళీ తెరుచుకుంటుంది. పిల్లాడు వైరస్ అనుకుని విండోస్ మళ్ళీ ఎక్కించాడట! ఎన్ని గంటల పని పోయిందో అడగడానికి నాకు నోరు రాలేదు.

రన్ తీసేసి పీ-ఓపెన్ పెట్టించాను. అది పిలిచి వెంటనే తిరిగొస్తుంది. ప్రోగ్రాం దారిని, ఫైల్ పేరును ఒకే స్ట్రింగ్‌గా కలపకుండా జాబితాగా ఇమ్మన్నాను, ప్రోగ్రామ్ ఫైల్స్ అన్న పేరులోనే ఖాళీ ఉంది కాబట్టి. ఏ ఫోల్డర్‌లో నిలబడి మొదలవ్వాలో సీడబ్ల్యూడీలో చెప్పమన్నాను. అది చెప్పకపోతే పిలిచినవాడి ఫోల్డర్‌లోనే మొదలై తన ఫైళ్ళు దొరకలేదనొచ్చు.

"అయితే అన్నిటికీ పీ-ఓపెన్ పెట్టేస్తా" అన్నాడు. ఇదిగో, ఈ తొందరే నాకు సరిపడదు. కోరెల్ కోసం ఆగనక్కరలేదు, నిజమే. ఫొటోలు చిన్నవి చేసే పని ముగియకముందే ప్లాటర్‌ను పిలిస్తే సగం రాసిన ఫైలే దానికి దొరుకుతుంది. అక్కడ పని ఆగాలి, కిటికీ మాత్రం ఆగకూడదు. పీ-ఓపెన్ ఇచ్చిన ఆబ్జెక్ట్‌ను చేతిలో ఉంచుకుని, టికింటర్ ఆఫ్టర్‌తో అర సెకనుకోసారి పోల్ అని అడగాలి. నన్ అంటే ఇంకా నడుస్తోంది. సున్నా వస్తే సవ్యంగా ముగిసినట్టు, అప్పుడు ప్లాటర్ బటన్ వెలిగించాలి. ఇంకేదైనా అంకె వస్తే ఏదో చెడింది, ప్లాటర్ జోలికి పోకూడదు. అంతవరకూ ఆ బటన్‌ను మసకగానే ఉంచాలి, నొక్కినా పలకకుండా.

నంద్యాల చుట్టుపక్కల ల్యాబుల్లో టికింటర్ అనగానే క్యాలిక్యులేటర్ చేయిస్తారు. ఏళ్ళ తరబడి అదే క్యాలిక్యులేటర్. దాని బదులు మూడు బటన్ల కిటికీ చేయించండి: ఒకటి ఆగేది, ఒకటి ఆగనిది, ఒకటి ఆగకుండానే కనిపెట్టుకుని ఉండేది. ఒక్క మధ్యాహ్నం చాలు.