ఇనుపపట్టీ మాహాత్మ్యము

జాతీయ రహదారుల మలుపులయందును, ఎత్తయిన కట్టలమీదను, వంతెనల మొదళ్లలోను అలలుదీరిన ఉక్కుపట్టీ నొకదానిని స్తంభములకు బిగించి, క్రాష్ బ్యారియరని నామకరణము చేసి, దీనివలన ప్రాణరక్షణము కలుగునని ఇంజనీరుగారలు సెలవిచ్చుచున్నారు. కలుగుమాట నిజమే. ఐరోపా ప్రమాణమువారు 900 కిలోల కారును గంటకు 100 కి.మీ. వేగమున దానిమీదికి తోలి, పట్టీ వంగి, సాగి, కారును మరల రోడ్డుదారి పట్టించుట చూచి తృప్తిపడిన పిమ్మటనే యోగ్యతాపత్రము నొసంగుదురు.

అయితే ఈ శాస్త్రకర్తల దృష్టిలో మనుష్యుడనగా కారులో బెల్టు పెట్టుకొని కూర్చుండు ప్రాణి. మన దేశమున 2022లో రోడ్డుప్రమాదములకు బలియైన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారేయని కేంద్రప్రభుత్వపు లెక్కలే ఘోషించుచున్నను, ఆ నిర్భాగ్యుడు పట్టీ నెంతమాత్రమును తాకక, బండి జారి, దాని అడుగునుండి దూసుకొనిపోయి, దానిని మోయు స్తంభమునకే ఒడలప్పగించునన్న సంగతి ఎవరికిని పట్టలేదు.

ఒక మలుపులో ఆ స్తంభమును దగ్గరగా పరికించితిని. మడిచిన ఉక్కురేకు, అంచులు కత్తిపీటవలె నిటారుగా నిలిచి, వచ్చువానికై ఎదురుచూచుచున్నవి. దానిమీది పట్టీని మాత్ర మెవరో పుణ్యాత్ములు బోల్టులు విప్పి పాతయినుప కొట్టునకు దానము చేసిరి. మిగిలిన పట్టీమీద నొక నాయకునికి జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీయు, దాని ప్రక్కనే హెల్మెట్ ధరింపుడను ప్రభుత్వ హితవును వెలయుచున్నవి. ధరింపవలసినదే, ధరింపనివానికి వేయి రూపాయల జరిమానా న్యాయమే. కాని హెల్మెట్ కపాలమును కాచును గాని పక్కటెముకల పూచీ వహింపదు గదా!

స్పెయిన్‌వారు మనిషిబొమ్మను వెల్లకిల పరుండబెట్టి, తల ముందుగా గంటకు 60 కి.మీ. వేగమున పట్టీమీదికి జార్చి పరీక్షించు ప్రమాణమును 2008 నాటికే ఏర్పరచుకొని, ప్రమాదకరమైన మలుపులలో పట్టీక్రింది ఖాళీని మరియొక రేకుతో మూయుచున్నారు. మనయందు ఇట్టి రేకును గూర్చి కదిపితినేని, “ఎస్టిమేటులో ఆ ఐటము లేదండీ” యని కంట్రాక్టరుగారు వినయముగా బదులిడుదురు. స్పీడుబ్రేకరుకు, శిలాఫలకమునకు, ప్రారంభోత్సవపు షామియానాకు ఐటము గలదు.

ఎస్టిమేటు సవరింపబడు వరకు ద్విచక్రవాహనదారులకు నాదొక మనవి: స్తంభమునకును స్తంభమునకును నడుమ సుమారు రెండు మీటర్ల ఎడమున్నది, పడదలచినవారు దయయుంచి దానికి గురిచూచుకొని పడవలయును.