ఏమీ రానివాళ్ల క్లాసు

"బొత్తిగా ఏమీ రాని పెద్దల కోసం" అని పేరు పెట్టిన బాలే క్లాసులో నాకు తప్ప అందరికీ అన్నీ వచ్చు. కొన్ని వారాలుగా నన్ను తొలిచేస్తున్న బాధ ఇదీ.

అడిగి చూడండి, ప్రతివాళ్లదీ ఒకటే పాట: "అబ్బే, నాకేం వచ్చు! చిన్నప్పుడెప్పుడో కాస్త నేర్చుకున్నానంతే." ఆ 'కాస్త' పన్నెండేళ్లని బార్ పట్టుకుని కాలు లేపాక గానీ బయటపడదు. పరీక్ష ముందు "ఏమీ చదవలేదే" అని ఏడ్చి, ఫలితాల రోజున ఫస్టు వచ్చే పిల్లలు మన బళ్లలో ఉండేవాళ్లే, ఆ జాతి మొత్తం డాలస్ శివార్లకి వలసొచ్చి గులాబీరంగు చెప్పులు తొడుక్కుంది.

టీచరు "ఫస్ట్ పొజిషన్" అనగానే వాళ్ల మడమలు కలుసుకుంటాయి, పాదాలు చెరోవైపుకీ తిరిగిపోతాయి. నావి సగం దారిలో సమ్మె చేస్తాయి. మోకాలితో కాదు, తుంటి దగ్గర్నుంచి తిప్పాలట. నా తుంటి యాభై రెండేళ్లుగా ముందుకే చూస్తోంది.

దీనికంతటికీ బాధ్యుడు ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ. 1653లో, పద్నాలుగేళ్ల వయసులో, ఒక బాలేలో సూర్యుడి వేషం కట్టాడు. సూర్యరాజన్న పేరు జన్మంతా వదల్లేదు. 1661లో నాట్యానికి ఏకంగా ఒక అకాడమీ పెట్టించాడు. నన్ను పీడిస్తున్న ఐదు పొజిషన్లనూ క్రోడీకరించింది ఆయనకి నాట్యం నేర్పిన పియర్ బోషాం అంటారు. 1701లో రిగో అనే చిత్రకారుడు గీసిన లూయీ బొమ్మ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అరవై దాటిన మహారాజు అంగరఖా పక్కకి తోసి, పట్టు మేజోళ్లు, ఎర్ర మడమల జోళ్లు చూపిస్తూ, పాదం బయటికి తిప్పి నిలబడ్డాడు. పిక్కలు బాగున్నాయి, కాదనను. కానీ ఈయన స్టేజీ మీద ఆడటం ఎప్పుడు మానేశాడనుకున్నారు? ముప్పై దాటీ దాటకుండానే! తాను తప్పుకుని, మనకి తగిలించిపోయాడు. ముసలితనంలో కీళ్లవాతం వచ్చి, వెర్సాయ్ తోటల్లో చక్రాల కుర్చీలో తిరిగేవాడట. ఇది చదివినప్పుడు నాకు జాలి కలగాల్సింది. కలగలేదు.

ప్లియే అంటే దాదాపు మన అరమండే. కాకపోతే అరమండిలో కూర్చుంటే కూర్చోనిస్తారు. ఇక్కడ కూర్చోగానే లేవమంటారు. పైగా కూచిపూడిలో నేలని కసితీరా తన్నొచ్చు. నాకున్న కోపానికి అదే నయం. బాలేలో దూకి కిందపడ్డా చప్పుడు కాకూడదు. నేను దూకితే పక్క కొట్లో పప్పుల డబ్బాలు కదులుతాయి.

"ఎందుకొచ్చిన బాధ, వాకింగ్‌కి వెళ్లొచ్చుగా" అంటారు మావారు. ఆయన మాత్రం వెళ్లరు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఈ ఒంటిని ఇన్నేళ్లూ నేను పనికే పిలిచాను: బిందెలు మోయడానికి, పిల్లనెత్తుకోవడానికి, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూలబడటానికి. నొప్పెడితే తప్ప ఫలానా చోటు ఉందన్న సంగతే గుర్తొచ్చేది కాదు. మొన్న టీచరు నా మోచేతిని రెండు వేళ్లతో కాస్త పైకెత్తి, "ఇప్పుడు చూడు, ఎంత బాగుందో" అంది. అద్దంలో చూస్తే అది అచ్చం మా అమ్మ చెయ్యి. అవే గాజుల గుర్తులు, అదే సన్నటి మణికట్టు. ఆవిడ చెయ్యి బాగుందని ఎవరూ అనగా నేను వినలేదు. నేనూ అనలేదు.

సరే, ఫీజు మూడు నెలలకి ముందే కట్టించుకున్నారు, తిరిగివ్వరు. కనక డాలస్ చుట్టుపక్కల నిజంగా, ఒట్టేసి, ఏమీ రాని తెలుగువాళ్లెవరైనా ఉంటే గురువారం సాయంత్రం ఏడింటికి వచ్చి నా పక్కన నిలబడండి, పుణ్యముంటుంది. చిన్నప్పుడు కాస్త నేర్చుకున్నవాళ్లు మాత్రం దయచేసి రావద్దు.