నా కూలి రాయని లెక్క

మా ఇంట్లో దేవుడి పటం వెనక బాపు నోటుబుక్కు ఒకటి ఉంటుంది. మిరప చేను లెక్కలన్నీ అందులోనే. అగ్రిబిజినెస్ ఎంబీఏ మొదటి ఏడాది సెలవులకు మా ఊరు మద్దేడ్ వచ్చినప్పుడు, ఆ పుస్తకం తెరిచైనా చూడకుండా, లెక్క ఎట్లా రాయాలో బాపుకు పాఠం చెప్పాను.

కల్లంలో నిలబడి మరీ చెప్పాను. విత్తనం, మందులు, ట్రాక్టరు కిరాయి, బయటి కూలి... ఇట్లా చేతి నుంచి పోయిన డబ్బు ఏ2. ఇంటివాళ్ల కష్టానికి కూలి కట్టి కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా వేస్తే సీ2. రైతు సంఘాలు సీ2 మీద సగం కలిపి మద్దతు ధర ఇమ్మని అడుగుతుంటే, ప్రభుత్వం ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ మీద ఒకటిన్నర రెట్లు కడుతోంది. "నువ్వు ఏ2 కాడనే ఆగినవ్ బాపూ, గందుకే లాభం వచ్చినట్టు కనబడుతది" అన్నాను. బాపు కాయలు తిరగేస్తూ, "మిరపకు మద్దతు ధర ఎంతరా?" అని అడిగాడు. మిరపకు మద్దతు ధరే లేదు. పాఠం వరిది, చేను మిరపది. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది కానీ దగ్గు వచ్చినట్టు నటించాను. మిరప కల్లంలో దగ్గుకు సాక్ష్యం అక్కర్లేదు.

అసలు తెలివితక్కువతనం అంతకు ముందే, 2022లోనే జరిగిపోయింది. బీఎస్సీ అగ్రికల్చర్ అయ్యాక ఒక విత్తనాల కంపెనీ నెలకు 18 వేలకు రమ్మంది. నాకు ఆనలేదు. రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్‌లో రెండేళ్ల డిప్లొమా చేయాలని క్యాట్ రాశాను. వచ్చిన పర్సంటైల్ చూశాక మేనేజ్ పేరు మళ్లీ ఎత్తలేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు కోసం ఇంకో ఏడాది ఆగితే పరువు పోతుందనుకుని, ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ఇంటర్వ్యూలో ఇప్పపువ్వు, చింతపండు, విలువ జోడింపు అంటూ ఊదరగొట్టాను. దేశంలో మొదటి వన్ ధన్ కేంద్రం 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని మా బీజాపూర్ జిల్లాలోనే మొదలైందని చెప్పి మార్కులు కొట్టాను. చింతపండు గింజ తీయడం మాత్రం మా నాయనమ్మకే తెలుసు.

చేరే ముందు ల్యాప్‌టాప్‌లో పెద్ద లెక్క వేశాను. ఫీజు ఏడు లక్షలు, హాస్టలు, తిండి 1,44,000. మొత్తం 8,44,000. వచ్చే జీతం దగ్గర కాలేజీ పుస్తకంలో అచ్చేసిన సగటు, తొమ్మిది లక్షలు, దించేశాను. ఏడాదిలో చదువు అప్పు తీరిపోతుందని తేలింది. ఆ గడికి ఆకుపచ్చ రంగు కూడా వేశాను. సగటు వేరు, వరుసలో నిలబెడితే నడిమివాడికి వచ్చే జీతం వేరు అని రెండో వారంలోనే స్టాటిస్టిక్స్ క్లాసులో చెప్పారు. అప్పటికి ఫీజు మొదటి కిస్తు కట్టేశాను.

ఇప్పుడు నేను బాపుకు చెప్పిన పాఠం నాకే పెట్టుకుంటే: 8,44,000 అన్నది ఏ2. రెండేళ్లు వదులుకున్న నా కూలి, నెలకు 18 వేల చొప్పున 4,32,000. దాన్ని రాయలేదు. చదువుతున్నప్పుడూ ఆ తర్వాత ఏడాదీ పెరిగిన వడ్డీ లక్షా అరవై ఐదు వేలు. అదీ రాయలేదు. ఇందులో మరీ సిగ్గుపడాల్సింది ఈ వడ్డీ గురించే. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే ఆ కాలం వడ్డీ కేంద్రమే కట్టే పథకం ఒకటుంది. కావలసింది ఆదాయ ధ్రువపత్రం. హాస్టల్లో నా పక్క మంచం వాడు తెచ్చుకున్నాడు. వాడి ముందు నేను 'పేదోణ్ణి' అని కాగితం చూపించలేక, భోపాలపట్నం తహసీల్ ఆఫీసు దూరమని చెప్పి ఊరుకున్నాను. దూరమేమీ కాదు, మా ఊరి బస్సు పోయేదే ఆ దారిన.

ఏడు లక్షలంటే ఎంతో అమ్మ లెక్కలో చెప్పాలి. అమ్మ తునికాకు కోస్తుంది. కట్టకు యాభై ఆకులు, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా, బస్తాకు ఇప్పుడు 5,500 రూపాయలు. ఆకుకు పదకొండు పైసలు. నా ఫీజు అరవై మూడు లక్షల అరవై వేల ఆకులు, కొంచెం అటూ ఇటూ.

ఉద్యోగం వచ్చింది. చేతికి 31 వేలు. కిస్తు 11,670 పోగా మిగిలేది 19,330. వద్దనుకున్న ఉద్యోగం కంటే 1,330 ఎక్కువ. ఆ ఉద్యోగంలో అప్పుడే చేరిన నా క్లాస్‌మేట్ ఇప్పుడు 27 వేలు తీసుకుంటున్నాడు, అప్పు లేకుండా. పదేళ్లకు, కిస్తులు తీరాక, నా లెక్క ముందుకు రావచ్చు. కాదనను. కానీ నేను మురిసింది పదేళ్ల లెక్క చూసి కాదు, ఆ ఆకుపచ్చ గడి చూసి. అగ్రి క్లినిక్ పెట్టుకునేవాళ్లకు ఉచిత శిక్షణ 2002 నుంచీ ఉంది. దాన్ని నడిపించేది నేను సీటు తెచ్చుకోలేకపోయిన ఆ మేనేజే. అది నాకు డిగ్రీ చేతికొచ్చాక తెలిసింది.

మొన్న మిరప ఏరుడు సమయంలో ఇంటికి వచ్చాను. మా ఊళ్లో చాలామంది రాష్ట్ర సరిహద్దు దాటి వాజేడు, వెంకటాపురం తోటలకు ఏరడానికి పోయారు. మా చేనుకు కూలీలు చాలక నేనూ వంగాను. రాత్రి బాపు స్నానానికి వెళ్లినప్పుడు నోటుబుక్కు తీసి చూశాను. అమ్మ పేరు, ఎదురుగా రోజుకొక నిలువుగీత. బాపు పేరు, గీతలు. కూలి కట్టి, బయటివాళ్ల కూలితో కలిపి, కింద మొత్తం. పాత పేజీలు తిప్పాను. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ అట్లాగే ఉంది.

నేను కల్లంలో పాఠం చెప్పిన ఏడాది పేజీ కూడా దొరికింది. నా పేరు, పదకొండు గీతలు. రోజుకు 300 చొప్పున 3,300. పక్కనే, నా ఫోను రీచార్జి 239 పోను బాకీ 3,061.

"ఇదేంది బాపూ, నాకియ్యలే?" అన్నాను, తల తుడుచుకుంటూ వచ్చినవాడితో.

"నువ్వు అడగలే" అన్నాడు.