అంతరతామరకు గృహప్రవేశం

"సహజం సార్, చెరువులో పుట్టింది. ఓసారి జాడించి ట్యాంకులో వేసేయండి." ఇంటి అక్వేరియంలో ఎర్ర చెర్రీ రొయ్యలు పెంచేవాళ్ల లోకంలో, నీటిపై తేలే అంతరతామర అమ్మేవాడి ఈ మాటను మించిన వేదవాక్యం లేదు. సహజం అన్న మాట చెవిన పడగానే మనవాళ్ల బుద్ధి చేతులు కట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. గన్నేరుపప్పు కూడా సహజమే కదా అని గుర్తుచేసేవాడు అరసికుడు. అసలు ఆ రొయ్య ఎరుపే సహజం కాదు. మట్టిరంగులో ఉండే అంగుళం ప్రాణిని తరాల తరబడి ఏరి ఏరి జతకట్టించి మనుషులు తెచ్చిన రంగది.

చెరువులో పుట్టిందట. ఏ చెరువులో? ఊరి మురుగంతా దిగే చెరువులో. అంతరతామరకూ గుర్రపుడెక్కకూ ఓ ఘనమైన గుణం ఉంది: నీళ్లలో సీసం, కాడ్మియం, రాగి ఏది దొరికినా వేళ్లతో లాగి ఒంట్లో దాచుకుంటాయి. మురుగునీటిని శుద్ధి చేయడానికి వీటిని వాడేది అందుకే. ఇక మాన్సోనియా జాతి దోమల పిల్లలు ఈ మొక్కల వేళ్లకే గొట్టం గుచ్చి గాలి పీల్చుకుంటాయి. దోమలున్న చోట మునిసిపాలిటీ మందు కొట్టకుండా ఉంటుందా? అంటే మొక్కతో పాటు ఊరి చరిత్రంతా ఇంటికొస్తోంది. ఒక చెరువులో గుర్రపుడెక్కను ప్రజల సొమ్ముతో యంత్రాలు పెట్టి తోడి పారేస్తుంటే, పక్క చెరువులో దాని పొరుగుదాన్ని మనం కవర్లో పోయించుకుని డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నాం.

అమ్మేవాడి దగ్గర ఇంకో బ్రహ్మాస్త్రం ఉంది. "మా తొట్లో చేపలు నిక్షేపంగా ఉన్నాయి చూడండి." ఉంటాయి. వరి, పత్తి వేసే రైతుకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొత్త పేరేం కాదు. చేప తట్టుకునే మోతాదులోనే అది పురుగును పడగొడుతుంది. రొయ్యదీ పురుగుల్లాగే కీళ్ల కాళ్ల జాతి, ఆ మందు దృష్టిలో రొయ్యా పురుగే. చేపలు హాయిగా ఈదుతుండగా రొయ్యలు గిరగిరా తిరిగి వెల్లకిలా పడతాయి. అప్పుడు యజమాని అనే మాట: "నీళ్లు పడలేదనుకుంటా."

"ఒక్క నత్త కూడా లేదండీ!" అన్నది మరో గొప్ప. నాకైతే అక్కడే భయం మొదలవుతుంది. నత్త లేని చెరువు మొక్క అంటే ఎవరో నత్తలకు ఏదో పెట్టారనే అనుమానించాలి. అది మైలతుత్తం అయితే అందులో ఉన్నది రాగి. రాగిచెంబులో నీళ్లు తాగితే సర్వరోగాలూ పోతాయని నమ్మే ఇంట్లో రొయ్యకు రాగి పడదంటే ఎవరు వింటారు? వదిలిపెడితే మొక్కను రాత్రంతా రాగిబిందెలోనే నానబెట్టి శుద్ధి చేస్తారు.

ఇలాంటివాళ్లను ఓసారి భీమవరం తీసుకెళ్లాలి. 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చిన తర్వాత అక్కడి రైతు నేర్చుకున్న జాగ్రత్త చూడాలి. చెరువు చుట్టూ పీత దూరకుండా వల, పైన పక్షి వాలకుండా తాళ్లు, నీళ్లకు బ్లీచింగు, సీడుకు రోగం లేదని తేల్చే పీసీఆర్ పరీక్ష. ఇన్నీ అయ్యాకే పిల్లను వదులుతాడు. అతనిది కూటికోసం పడే తిప్పలు, మనది సరదా. సరదాకు క్వారంటైన్ ఏమిటి, నామోషీ!

మధ్యేమార్గంగా కొందరు పొటాషియం పర్మాంగనేట్ గులాబీ నీళ్లలో ముంచి తీస్తారు. మంచిదే, పైనున్న జీవాలు చాలావరకు పోతాయి. కానీ సన్నతూనీగ గుడ్లు పెట్టేది ఆకు కండలోపల. అవి పొదిగితే బయటికొచ్చే పిల్ల నీళ్లలో పెరిగే వేటగాడు, రొయ్యపిల్లలు దానికి ఫలహారం. మొక్క ఒంట్లోకి ఎక్కిన మందునైతే ఏ గులాబీ నీళ్లూ కడగలేవు.

చేయాల్సింది చూస్తే సిగ్గేస్తుంది, అంత తేలిక. కవర్లో నీళ్లు పారబోసి, మొక్కను క్లోరిన్ పోయిన నీళ్లున్న వేరే టబ్బులో వెలుతురు తగిలేచోట పెట్టడం, ఆ నీళ్లు తరచూ మార్చడం. తేలే మొక్కలు త్వరగా పిలకలేస్తాయి కాబట్టి తల్లిమొక్కను బయటే ఉంచేసి, మన నీళ్లలో పుట్టిన పిలకలను మాత్రమే తీసుకోవాలి. రెండు రొయ్యలను వాటి దగ్గర కొన్నాళ్లు ఉంచి చూసి, అప్పుడు ట్యాంకులోకి. ఆ తర్వాత కూడా నీటిపైన సగానికి మించి కప్పనీయకూడదు, గాలి ఆడాలి. ఇంత చేస్తే ఆ వేళ్ల మీద పట్టే పాచి రొయ్యపిల్లలకు నిజంగానే విందుభోజనం.

మొత్తం మూడు వారాల పని. అమ్మో, మూడు వారాలే! కొత్త మొక్కలతో ట్యాంకు ఫోటో ఆదివారంలోగా వాట్సాప్ స్టేటస్‌లో పడాలి కదా. రొయ్యలు పోయేది సోమవారం సాయంత్రం. స్టేటస్ ఇరవై నాలుగు గంటలే ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బందీ లేదు.