నురగ తీసే గొట్టాన్ని

స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌కి దగ్గరలోని సోడర్‌టెల్యె ఊరి చెత్తగుట్ట పక్కన నా మకాం. గుట్ట మీద పడిన వాన, కరిగిన మంచు చెత్తలోంచి కిందికి దిగి ముదురు గోధుమరంగు ఊటవుతాయి. దాన్ని లీచేట్ అంటారు. మంచు కరిగే రోజుల్లో నాకు ఊపిరాడదు.

ఊటలో అమోనియా కంపు ఉంటుంది, ఉప్పుంటుంది. ఇనుము కూడా ఉంటుంది. గాలి తగలగానే తుప్పై నా లోపలి గోడలకు నారింజరంగు పొరగా అంటుతుంది, పనివాళ్ళు కడుగుతారు. నేను పట్టాల్సింది మాత్రం కంటికీ ముక్కుకీ అందదు. తడవని కోట్లు, మరకలంటని తివాచీలు, నూనె పీల్చని కాగితాలు, స్కీ పలకలకు రాసే మైనం, వీటిలో వాడిన ఫ్లోరిన్ రసాయనాలవి. అందరూ పీఫాస్ అంటారు. కార్బన్‌కీ ఫ్లోరిన్‌కీ మధ్య ముడి ఎంత గట్టిదంటే, చెత్త కుళ్ళిపోయినా అది విడదు.

నేను చేసేదల్లా అడుగు నుంచి సన్నని గాలి బుడగలు వదలడం. పీఫాస్ అణువు తల నీళ్ళను కోరుతుంది, ఫ్లోరిన్ తోకకు నీళ్ళు పడవు. బుడగ కనబడితే చాలు, తోకను గాలిలోకి చాచి దాని అంచుకు అతుక్కుంటుంది. బుడగలన్నీ పైకొచ్చి నురగ కడతాయి. బెల్లం వండేచోట మరిగే చెరకు రసం మీది మడ్డి తీసినట్టు, ఆ నురగను పీల్చేస్తారు. దాన్నే మళ్ళీ మళ్ళీ బుడగలకు పెడితే, వేల లీటర్లలో చెదిరి ఉన్న విషం కొద్ది లీటర్లలోకి ఒదుగుతుంది. ఏ మందూ కలపనక్కర్లేదు, అది నాకెంతో గర్వం.

ఇదే దేశంలో కల్లింగె అనే ఊరుంది. వైమానిక స్థావరంలో మంటలార్పడానికి వాడిన పీఫాస్ నురగ అక్కడి తాగునీటిలో కలిసిందని 2013లో బయటపడింది. రక్తంలో పీఫాస్ అంతగా పేరుకోవడమే ఆ జనానికి జరిగిన శారీరక హాని అని 2023 డిసెంబరులో స్వీడన్ సుప్రీంకోర్టు తేల్చింది. ఒంట్లోకి చేరాక నా బుడగలు ఏం చేయగలవు? ఊటలో ఉండగానే పట్టాలి.

పీఫోస్, పీఫోవా లాంటి పొడుగు తోకలవి నూటికి 98కి పైగా నాకు చిక్కుతాయి. విషరసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో మొదటిదానికి, 2019లో రెండోదానికి పగ్గం వేసింది. అప్పటికే పరిశ్రమలు పొట్టి తోకలవాటికి మళ్ళాయి. నాలుగు కార్బన్ల పీఎఫ్‌బీఏ బుడగను సరిగా పట్టుకోదు, నీళ్ళతోపాటే నన్ను దాటి వెళ్ళిపోతుంది. నాకు కడుపుమండేది అక్కడే. పొట్టివాటిని పట్టడానికి నా వెనుక రెజిన్ తొట్టెలు పెట్టాలి, అవి నిండితే మార్చాలి.

పైగా నేను వేరు చేస్తానే తప్ప దేన్నీ చంపలేను. 374 డిగ్రీల వేడి, 221 బార్ల ఒత్తిడి దాటిన నీళ్ళలో పీఫాస్‌ను ముక్కలు చేసే యంత్రాలు వచ్చాయి. నా నురగ డ్రమ్ముల్లో మగ్గకుండా అక్కడికి చేరాలి. ఆ ఖర్చు ఊరి జనం మీద కాదు, పీఫాస్‌ను తయారుచేసి అమ్మినవాళ్ళ మీదే పడాలి.